పూఎర్ పొట్లం మీద నేను రాసిన వాక్యం

నా ఉద్యోగం టీ నోట్లో పోసుకుని, రుచి చూసి, ఉమ్మేయడం. ఎవరు అడిగినా ఇలాగే చెప్పేవాణ్ణి. కొందరు నవ్వేవారు. మా మామగారు మాత్రం పెళ్ళయిన పదేళ్ళ దాకా బంధువులతో "మా అల్లుడు ఎక్స్‌పోర్ట్ ఇంపోర్ట్‌లో ఉన్నాడు" అనే చెప్పుకున్నారు.

అమెరికాలో, నేపర్‌విల్‌లో ఉండే మా చెల్లెలి మనవరాలు కీర్తన ఈమధ్య ఒక కంపెనీలో టీ టేస్టర్‌గా చేరింది. "తాతయ్యా, నువ్వు కూడా ఇదే జాబ్ చేశావంట కదా! నాకు కొన్ని టిప్స్ రాసి పంపించవా, ప్లీజ్," అని ఫోన్ చేసింది. దానికి తెలుగు చదవడం అంతంతమాత్రం. వాళ్ళమ్మ చదివి వినిపిస్తుందన్న ధైర్యంతో రాస్తున్నాను.

చెంచా ఎలా పట్టుకోవాలి, నీళ్ళు ఎంతసేపు మరగాలి లాంటివి దానికి కంపెనీవాళ్ళే నేర్పుతారు. నేను రాయదలుచుకున్నది ఒక చైనా టీ గురించి. దాని మీద నేను రాసిన ఒక వాక్యం గురించి. ఆ వాక్యాన్ని నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకున్న నరసింహం గారి గురించి.

పని ఏమిటంటే

నేను పని నేర్చుకున్నది కలకత్తాలో, టీ వేలంపాటలు జరిపించే ఒక కంపెనీలో. భీమిలి నుంచి కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని వెళ్ళినవాణ్ణి. డెబ్భైల చివర్లో అమెరికా వచ్చి, శాన్ ఫ్రాన్సిస్కో రేవు దగ్గర టీ దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో చేరాను. ఇల్లు శాంటా క్లారాలో. రోజూ గంట డ్రైవ్.

పొడుగాటి బల్ల, దాని మీద వరసగా తెల్లటి కప్పులు. డైమ్ అనే పది సెంట్ల నాణెం ఎంత తూగుతుందో అంత ఆకు ఒక్కో కప్పుకి. మరిగే నీళ్ళు పోసి, ఐదు నిమిషాల గంట మోగాక వడకట్టి, చెంచాతో జుర్రుమని పీల్చడం, నాలుక మీద తిప్పి ఉమ్మడం, కాగితం మీద రెండు మాటలు రాయడం. మధ్యాహ్నానికి వంద కప్పులు దాటేవి. ఈ ఉద్యోగం కోసం మా ఆవిడ పదిహేనేళ్ళు పొద్దుటి పూట వంటలో ఇంగువ మానేసింది. నేను తలకి కొబ్బరినూనె మానేశాను. ఎవరి త్యాగం పెద్దదన్న విషయంలో మాకు ఇప్పటికీ రాజీ కుదరలేదు.

మా బాస్ పేరు వాల్టర్. పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. చెడ్డవాడు కాదు. నేను రాసిన కాగితాన్ని రెండోసారి చదివేవాడు కాదు, సంతకం చూసుకుని పంపించేసేవాడు. ఇలాంటి బాస్ దొరకడం అదృష్టమని చాలాకాలం అనుకున్నాను. తప్పు పట్టుకునేవాడు పైన లేకపోతే మన తప్పు ఎంతదూరమైనా వెళ్తుందని తర్వాత అర్థమైంది.

బూజు అని రాసిన రోజు

చైనాతో అమెరికా వ్యాపారం మళ్ళీ మొదలై అప్పటికి కొన్నేళ్ళే. ఒకరోజు వెదురు పొరలతో కట్టిన బుట్టలు వచ్చాయి. విప్పితే, గుండ్రంగా రొట్టెల్లా నొక్కిన నల్లటి టీ బిళ్ళలు. చైనాటౌన్‌లో కొట్టు నడిపే చాన్ గారు మా కంపెనీ ద్వారా తెప్పించుకున్న సరుకు. పేరు పూఎర్ టీ.

వాసన చూశాను. వానకి తడిసి మూలన పడున్న గోనెసంచి వాసన. కలకత్తాలో ఆ వాసన వస్తే ఓడలో నీళ్ళు దిగాయనే అర్థం, మరో మాట ఉండదు. నేను కప్పులో పోసి రుచి చూడకుండానే "బూజు, పనికిరాదు" అని రాసి సంతకం చేశాను. వాల్టర్ ఆ కాగితాన్ని అలాగే చాన్ గారికి పంపించేశాడు.

మర్నాడు చాన్ గారే వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి, బక్కపలచగా ఉన్నారు. చేతిసంచీలో చిన్న మట్టి కూజా తెచ్చుకున్నారు. కోప్పడతారని నేను మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన బిళ్ళ అంచు విరిచి కూజాలో వేసి, మరిగే నీళ్ళు పోసి, వెంటనే ఆ నీళ్ళు పారబోశారు. మళ్ళీ పోసి, కాసేపు ఆగి కప్పులోకి వంచారు. మాంచి చిక్కటి ఎరుపు. తాగాను. గోనెసంచి లేదు. వాన వెలిశాక అడవి నేల వాసన, చివర్లో కాస్త తీపి. నాలుక మీద ఎక్కడా పట్టుకోకుండా జారిపోయింది.

"మీ దేశంలో ఏదీ పాతబడ్డాక బాగుండదా?" అని అడిగారు.

పాత బియ్యం గుర్తొచ్చాయి. ఇంటికి చుట్టాలు వస్తే మా అమ్మ కొత్త బియ్యం పక్కన పెట్టి పాతవి వండేది. నాకు తల కొట్టేసినట్టయింది. పదమూడేళ్ళుగా కడుపు నింపుతున్న నాలుకని పక్కన పెట్టి, ముక్కుతో ఒక మనిషి సరుకుని చెత్తబుట్టలో వేశాను. ఆయన వెంట తెచ్చిన ఆ కాగితాన్ని ఆయన ముందే చింపేశాను.

తర్వాత నెలకోసారైనా ఆయన కొట్టుకి వెళ్ళేవాణ్ణి. ఒకసారి అడిగాను, "ఇది తాగితే ఒంటికి మంచిదంటారు, నిజమేనా?" అని.

"కొవ్వు మాంసం తిన్నాక తాగమని మా అమ్మ చెప్పేది. కడుపు తేలిగ్గా ఉంటుంది."

"జబ్బులు తగ్గుతాయా?"

"జబ్బు చేస్తే నేను డాక్టర్ దగ్గరికి వెళ్తాను," అన్నారాయన, నాకేసి వింతగా చూసి.

ఆకు సంగతి

ఈ టీ పుట్టిన యున్నాన్ నేను చూడలేదు. చాన్ గారు చెప్పింది, ఎగుమతి చేసేవాళ్ళు ఉత్తరాల్లో రాసింది, నా చేత్తో విరిచి చూసింది కలిపి చెబుతున్నాను.

చైనాకి నైరుతిమూల ఉన్న కొండల రాష్ట్రం యున్నాన్. అక్కడి టీ చెట్ల ఆకు పెద్దది, మందం. మన అస్సాం ఆకుకి దగ్గర చుట్టం. పూఎర్ అన్నది ఒక ఊరు. చుట్టుపక్కల కొండల్లో కోసిన టీ అంతా ఆ ఊరి బజారుకి చేరేది, ఆ పేరే టీకి అంటుకుంది. అక్కణ్ణుంచి కంచరగాడిదల మీద వారాల తరబడి కొండదారుల్లో టిబెట్ దాకా వెళ్ళేది. విడి ఆకైతే చోటు చాలదు, నలిగిపోతుంది. అందుకని ఆవిరి పట్టి బిళ్ళలుగా నొక్కేవారు. దారిలో ఎండకి ఎండి, వానకి తడిసి, ఆకు నెమ్మదిగా మాగేది. మాగిన రుచే జనానికి నచ్చింది.

చేసే పద్ధతి చూడటానికి తేలికే. కోసిన ఆకుని వాడనిచ్చి, పెద్ద మూకుళ్ళలో వేయించి, చేత్తో నలిపి, ఎండలో ఆరబెడతారు. అలాగే నొక్కి దాచిపెడితే ఏళ్ళు గడిచేకొద్దీ మాగుతుంది. అంతకాలం ఆగలేనివాళ్ళ కోసం డెబ్భైల్లో ఇంకో పద్ధతి వచ్చింది. ఆకుని నేల మీద గుట్టగా పోసి, నీళ్ళు చల్లి, గుడ్డ కప్పుతారు. లోపల వేడి పుడుతుంది. మన పొలాల్లో పేడగుట్టలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుందే, అలాగ. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే కుళ్ళుతుంది. గుట్టలో చెయ్యి పెట్టి ఎప్పుడు తిరగెయ్యాలో చెప్పగలిగే మనిషే అక్కడ అసలు పనిమంతుడు. నెలన్నర, రెండు నెలలు ఇలా చేశాక నల్లటి పూఎర్ తయారవుతుంది.

ఇదంతా తెలుసుకున్నాక నాకు పూఎర్ పిచ్చి పట్టింది. తిట్టిన నోటితోనే ఊరంతా పొగడ్తలు మొదలుపెట్టాను. మొదట తెలియక చెడ్డదన్నాను, తర్వాత తెలియకుండానే మందన్నాను.

వాక్యం

ఎనభైల మొదట్లో కాలిఫోర్నియాలో ఎవర్ని చూసినా పొద్దున్నే పరుగెత్తేవాళ్ళే, బరువు తూచుకునేవాళ్ళే. పూఎర్‌ని చైనాటౌన్ దాటించి ఆరోగ్యం తిండి అమ్మే దుకాణాల్లో పెట్టాలని వాల్టర్‌కి ఆలోచన వచ్చింది.

"పొట్లం మీదకి, బ్రోషర్‌లోకి నాలుగు వాక్యాలు రాసిపెట్టు. నీకు ఇలాంటివి బాగా వస్తాయి," అన్నాడు నాతో.

నిజానికి అంతకుముందు అలాంటిది ఒక్కటీ రాయలేదు. కానీ పొగిడితే పొంగిపోయే స్వభావం నాది. పుట్టుక గురించి రెండు వాక్యాలు, తయారీ గురించి ఒకటి రాశాను. అవి బాగానే ఉన్నాయి. నాలుగోది ఇలా రాశాను: "ఒంట్లో కొవ్వును కరిగించి, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుతుందని ప్రాచ్య వైద్యులు శతాబ్దాలుగా చెబుతున్నారు."

ఆ వైద్యుల్లో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. కొవ్వు, చక్కెర అన్న మాటలు ఎగుమతి కంపెనీ పంపిన కరపత్రంలో ఒకేఒక వరసలో ఉన్నాయి. "శతాబ్దాలుగా" అన్నది నేను కలిపాను, చదవడానికి నిండుగా ఉంటుందని.

నరసింహం గారు శాంటా క్లారాలో కంప్యూటర్ చిప్స్ తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. గుంటూరు మనిషి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మేము కొత్తగా వచ్చినప్పుడు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. నలభై దాటగానే ఆయనకి షుగర్ వచ్చింది, మాత్రలు వేసుకునేవారు. నెలకోసారి స్కూల్ కెఫెటీరియా అద్దెకి తీసుకుని తెలుగువాళ్ళం కలిసి భోజనాలు చేసేవాళ్ళం. అక్కడ నన్ను అందరూ "టీ రామం" అనేవారు. కొత్త పొట్లాలు అచ్చయి రాగానే ఒక పెట్టెడు పట్టుకెళ్ళి తలా ఒకటి పంచాను. పెళ్ళిలో తాంబూలాలు ఇస్తున్న పెద్దమనిషిలా తిరిగానట, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

రెండ్రోజుల తర్వాత నరసింహం గారు ఆఫీసుకి ఫోన్ చేశారు. బల్ల మీద నలభై కప్పులు చల్లారిపోతున్నాయి.

"రామం, నీ బ్రోషర్ చదివాను. ఫ్రాంక్‌గా చెప్పు. ఇది తాగితే షుగర్ టాబ్లెట్స్ మానెయ్యొచ్చా? వాటితో నాకు స్టమక్ అంతా అప్‌సెట్ అవుతోందయ్యా."

నాకు తెలియదు. ఆ రెండు మాటలు నా నోటికి రాలేదు. టీ గురించి నన్ను ఏది అడిగినా చెబుతానన్న పేరు నాది. పైగా ఆ వాక్యం నాదే.

"తాగి చూడండి నరసింహం గారూ. మంచిదే. అక్కడివాళ్ళు తరతరాలుగా తాగుతున్నారు కదా," అన్నాను.

"అంతే అంటావా? నువ్వు చెప్పావు, చాలు," అని ఫోన్ పెట్టేశారు.

పాలు పోసిన టీ

నాలుగు నెలల తర్వాత ఒక శనివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. నరసింహం గారు బాగా సన్నబడ్డారు. బెల్టుకి కొత్తగా పొడిచిన రంధ్రం చూపించి, "చూశావా నీ టీ మహిమ! పదిహేను పౌండ్లు తగ్గాను," అన్నారు. మాటల మధ్య రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగొచ్చారు. నేను ఆ బెల్టే చూశాను.

వాళ్ళావిడ సుశీల గారు టీ తెచ్చారు. నోట్లో పెట్టుకుంటే పూఎరే. పాలు పోసి, అల్లం కొట్టి వేసి, పంచదార దండిగా వేసి, మన ఇళ్ళలో కాచినట్టే కాచారు.

"రోజుకి మూడుసార్లు ఇదేనండి అన్నయ్యగారూ. ఉత్త నీళ్ళలో కాస్తే మీ ఫ్రెండ్ తాగరు. మట్టి వాసనట," అన్నారావిడ నవ్వుతూ.

నాకు కోపం వచ్చింది. చక్కెర జబ్బు మనిషి పంచదార తాగుతున్నందుకు కాదు. అంత గొప్ప టీలో పాలు పోసినందుకు. వంటింట్లోకి వెళ్ళి, గిన్నె అడిగి, మొదటి నీళ్ళు ఎందుకు పారబొయ్యాలో, పాలు ఎందుకు పొయ్యకూడదో అరగంట పాఠం చెప్పాను. సుశీల గారు ఓపిగ్గా విన్నారు. మాత్రలు వేసుకుంటున్నారా అని ఒక్క ముక్క అడగలేదు. ఆ అరగంటలో ఒక్క నిమిషం చాలేది. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అసలు తప్పు అదే. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

పైగా సోమవారం వెళ్ళి వాల్టర్‌కి ఈ పదిహేను పౌండ్ల సంగతి గొప్పగా చెప్పాను. రెండో విడత బ్రోషర్‌లో "శాంటా క్లారాకి చెందిన ఒక ఇంజనీరు" అని అది కూడా ఎక్కింది. చక్కెర అదుపు తప్పితే మనిషి అలాగే చిక్కిపోతాడని నాకు అప్పటికి తెలియదు.

ఆసుపత్రి

కొత్త బూట్లు కరిచి నరసింహం గారి కుడికాలికి పొక్కు లేచింది. నొప్పి లేదు కదా అని ఆయన పట్టించుకోలేదు. మూడువారాల తర్వాత సుశీల గారు ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, హాస్పిటల్‌లో అడ్మిట్ చేశామండి. కాలు నల్లబడిపోయింది. టాబ్లెట్స్ ఎప్పుడు స్టాప్ చేశారని డాక్టర్ అడుగుతున్నాడు. ఈయన నాకు కూడా చెప్పలేదండి... టీ తాగుతున్నాను కదా అంటున్నారు."

వెళ్ళేసరికి రెండు వేళ్ళు తీసేశారు. పాదం నిలుస్తుందో లేదో వారం దాకా చెప్పలేమన్నారు. ఆ వారం నేను బల్ల దగ్గర నిలబడి చెంచా నోట్లో పెట్టుకుంటే ఏ టీ ఏదో తెలిసేది కాదు. సెలవు పెట్టి, ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. చివరికి పాదం నిలిచింది.

వాల్టర్ గదిలో

ఆఫీసుకి వెళ్ళగానే ఆ వాక్యం తీసెయ్యాలని వాల్టర్‌తో చెప్పాను.

"మనం నయం చేస్తుందని అనలేదు కదా. వైద్యులు చెబుతున్నారన్నాం," అన్నాడు.

"ఏ వైద్యులు?"

"నువ్వు రాసిందే కదా. నువ్వు చెప్పు."

అతను వెటకారానికి అనలేదు. నిజంగానే నాకు తెలుసనుకున్నాడు. నేను కనుక్కోకుండా రాశానని, కరపత్రంలోది ఎత్తి రాశానని చెప్పాను. ఆ బ్రోషర్‌లో ఉన్న ఇంజనీరు ఇప్పుడు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో కూడా చెప్పాను. వాల్టర్ లేచి ఫోన్ తీసుకుని, దుకాణాల నుంచి పొట్లాలు వెనక్కి రప్పించమన్నాడు. ప్యాకింగ్ గదిలో ఆడవాళ్ళతో కలిసి నాలుగు రోజులు ఆ వాక్యం మీద తెల్ల కాగితం ముక్కలు అంటించాను.

కీర్తనా, నీకు కూడా ఇలాంటివి రాయమని ఎవరో ఒకరు చెబుతారు. ఇప్పుడైతే ఇంకా ఎక్కువ. పూఎర్ మంచి టీయే. నూనె తిండి తిన్నాక తాగితే నాకు కడుపు తేలిగ్గా ఉంటుంది. మిగతా టీల్లాగే మత్తు వదిలిస్తుంది, ఎక్కువ తాగితే నిద్ర పట్టదు. నేను సంతకం పెట్టి చెప్పగలిగింది ఇంతే. దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయని చదువుతుంటాను, జరగనీ. తేల్చేది వాళ్ళు, నీ చెంచా కాదు.

ఒక ఆదివారం

నరసింహం గారు ఇంటికొచ్చిన నెలకి ఒక ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళాను. సోఫాలో కాలు స్టూల్ మీద పెట్టుకుని కూర్చున్నారు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. ఒళ్ళు కాస్త నిండింది. నన్ను చూసి ఎప్పట్లాగే, "రావయ్యా రామం, ట్రాఫిక్ ఎలా ఉంది?" అన్నారు. నా మీద కోపం ఉంటుందని భయపడుతూ వెళ్ళాను. లేకపోయేసరికి ఇంకా కష్టమైంది.

కాసేపు అవీ ఇవీ మాట్లాడాక చెప్పాను.

"ఆ రోజు మీరు ఫోన్ చేసి అడిగారు చూడండి, మాత్రలు మానెయ్యొచ్చా అని. దాని గురించి నాకేమీ తెలియదు నరసింహం గారూ. బ్రోషర్‌లో రాసింది కూడా తెలిసి రాసింది కాదు."

ఆయన టీవీ కట్టేశారు.

"తెలియదా?"

"తెలియదు."

"బ్రోషర్ సంగతి వదిలెయ్. ఎన్నో రాస్తారు, అన్నీ నమ్ముతామా? నేను నిన్నడిగాను." కట్టు కట్టిన పాదం వైపు చూసుకున్నారు. "తెలియదు అని ఒక్క మాట అనుంటే, మా డాక్టర్ క్లినిక్ పక్క వీధిలోనే కదయ్యా. నడిచి వెళ్ళి అడిగేవాణ్ణి."

క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, అది అడగలేకపోయాను.

ఆయన మళ్ళీ టీవీ పెట్టారు. సుశీల గారు వంటింట్లోంచి వచ్చి నా ముందు కాఫీ పెట్టారు. తర్వాత కూడా ఇరవై ఏళ్ళు ఆ ఇంటికి వెళ్తూ వస్తూనే ఉన్నాను, భోజనాలు చేశాను, పిల్లల పెళ్ళిళ్ళకి నిలబడ్డాను. ఆ ఇంట్లో నాకు మళ్ళీ ఎప్పుడూ టీ ఇవ్వలేదు.